కొత్త లాప్‌టాప్ అడిగే ముందు
2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. హాస్టల్లో చాలా పాత లాప్‌టాప్‌లకి విండోస్ 11 ఎక్కదు. అలాగని ఇంట్లో కొత్తది అడగడం నాకు సబబుగా అనిపించదు; ఈఎంఐ కట్టేది అమ్మానాన్నలే కదా.

"లైనక్స్ వేస్తే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సంగతేంటి?" అంటారు. అందుకే పార్టిషన్ చేయమంటున్నా. విండోస్‌ని ల్యాబ్ పనికే ఉంచి, నెట్ పనులన్నీ లైనక్స్ మింట్‌లో చేసుకోవచ్చు. దానికి 50 జీబీ ఇస్తే చాలు.

వర్చువల్ మెషీన్ చాలదా? 4 జీబీ ర్యామ్‌ని రెండూ పంచుకుంటే రెండూ నత్తనడకే. డ్యూయల్ బూట్‌లో ఏది తెరిస్తే ర్యామంతా దానిదే.

డేటా పోతుందని భయమా? ముందు ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. సి డ్రైవ్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే తగ్గించండి. ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం పోవద్దు.

ఒక ఆదివారం పోతే పోయింది, ఇంట్లో అప్పు తప్పుతుంది.