తైమూరు తోలుకపోయిన పనోళ్లు



పోయిన నెల మా హుల్సూర్ గల్లీల పిల్లలు గోలీలాడుకుంట కొట్లాటకు దిగిండ్రు. ఒకడు పక్కింటి సాయబుల పిలగాన్ని పట్టుకొని “నువ్వు తైమూరు మనిషివిరా” అన్నడు. వాడు ఏడ్చుకుంట నా దగ్గరికొచ్చి, “తాతా, తైమూరు అంటే ఎవరు? మాకు చుట్టమా?” అని అడిగిండు. ఇద్దర్నీ అరుగు మీద కూసోబెట్టి చెప్పిన. మీకూ అదే రాస్తున్న.

తైమూరు 1336ల, ఇప్పటి ఉజ్బెకిస్తాన్ దేశంల పుట్టిండు. ఒక కాలు కుంటి. 1941ల రష్యా శాస్త్రజ్ఞులు సమర్ఖండుల సమాధి తెరిచి ఎముకలు చూసి, కుంటితనం నిజమే అన్నరు. 1398 డిసెంబరుల ఢిల్లీ మీద పడ్డడు. యుద్ధానికి ముందే లక్షమంది హిందూ ఖైదీలను చంపించిండని ఆయన్ను పొగిడినోళ్లే రాసుకున్నరు. అయితే ఆయన ఓడగొట్టిన ఢిల్లీ తుగ్లక్ సుల్తాను కూడ ముసల్మానే. 1401ల డమాస్కస్, బాగ్దాద్ నాశనం చేసినప్పుడు చచ్చినోళ్లల్ల ఎక్కువమంది ముసల్మానులే. ఆయన కత్తికి అందరూ ఒక్కటే.

ఒక్కళ్లను మాత్రం చంపనిచ్చేటోడు కాదు. చేతిపని వచ్చినోళ్లను. ఢిల్లీ నుంచి రాళ్లు చెక్కేటోళ్లను సమర్ఖండుకు తోలుకపోయి పెద్ద మసీదు కట్టించిండు. రాళ్లు మోయనీకి ఏనుగులను గూడ కొంటవోయిండు. డమాస్కస్ నుంచి పట్టు నేసేటోళ్లను, గాజు పనోళ్లను పట్టుకపోయిండు. నేను సాంచాల మీద పని చేసినోణ్ని, బతుకుదెరువుకు ఊరు విడిచినోణ్ని. నేను నా ఇష్టంతోని పోయి, పండుగలకు మళ్లొచ్చిన. వాళ్లకు ఆ దారి లేకపాయె. వాళ్ల పేర్లు గూడ ఎవరూ రాయలేదు.

తైమూరు 1405ల చైనా మీదికి పోతుంటే తొవ్వలనే చచ్చిపోయిండు. ఆ పెద్ద మసీదు గబగబ కట్టించిందాయె, కొన్నేండ్లకే పెచ్చులూడుడు మొదలయింది. కాని అక్కడ ముదిరిన రంగుపెంకుల పని మన బీదర్ దాక వచ్చింది. ఇరాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్, బహమనీ సుల్తానుకు మంత్రి అయి, 1472ల ఆ తీరుగనే మదర్సా కట్టించిండు. 1481ల దొంగ ఉత్తరం నమ్మి సుల్తాను ఆయన్నే చంపించిండు. 1657ల తైమూరు వంశపోడు ఔరంగజేబు బీదర్ తీసుకున్నడు. వాళ్ల ఏలుబడిలనే, 1696ల, ఆ మదర్సాల పెట్టిన మందుగుండు పేలి సగం కూలింది. ఇప్పుడు ఒక్క మీనారు, ముందర గోడ మీద నీలి పెంకులు మిగిలినయి.

పిలగానికి ఏం చెప్పిన అంటే, “బిడ్డా, తైమూరు నీకు చుట్టం కాదు, వీనికీ కాదు. మీ అయ్యలిద్దరూ ఒక్క మిల్లుల పని చేసిండ్రు. చుట్టరికం అంటే గదీ.”

దసరా సెలవులల్ల ఇద్దర్నీ భాల్కి మీద బస్సుల బీదర్ కొంటవోయి ఆ పెంకులు చూపిస్త. మీ గల్లీల పిల్లలు ఇసొంటి మాట అంటే కొట్టకుండ్రి. కూసోబెట్టి చెప్పుండ్రి.