అదిగో... బొమ్మొచ్చింది!

సినిమా కబుర్లు చెప్పాల్సిన చోట ఈ వారం టీవీ కబురు మొదలెట్టాడేమిటని కోప్పడకండి. మా కొయ్యూరులో ఒకప్పుడు టీవీ చూడటమే ఓ సినిమా! అందులో హీరో ఇంటి కప్పు మీద ఉండేవాడు. విలన్ ఎవరంటారా? ఎదురుగా ఉన్న కొండ!

నర్సీపట్నం దాటి ఏజెన్సీలో అడుగుపెడితే కొయ్యూరు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు నేలకొరిగింది ఈ గడ్డ మీదే. ఆయన కథతో కృష్ణగారు తీసిన సినిమా 1974లో విడుదలైంది. ఆ షూటింగ్ కోసం యూనిట్ మొత్తం చింతపల్లి అడవుల దాకా వచ్చింది. అంత పెద్ద యూనిట్ ఎక్కిన కొండల్ని పాపం టీవీ తరంగం మాత్రం ఎక్కలేకపోయింది!

ఎందుకంటే, అది వెలుతురు లాగే తిన్నగా పోయే రకం. విశాఖపట్నం మాకు తిన్నగా కొలిచినా వంద కిలోమీటర్ల దూరం. మధ్యలో కొండ అడ్డొస్తే అంతే సంగతులు. అంచుల మీంచి జారిపడిన కాస్త సిగ్నల్‌ని పట్టుకోవడానికి పొడవాటి గొట్టం, దాని కొసన అల్యూమినియం ఊచల యాంటెన్నా, దానికో బూస్టరు. కాకి వాలిందా, గాలి వీచిందా, బొమ్మ గల్లంతు! అప్పుడు మొదలయ్యేవి అసలు డైలాగులు.

"బాబాయ్, ఒచ్చిందేటి?"

"లేదురా! ఇంకాస్త తూరుపుకి తిప్పు... ఆఁ ఆఁ, ఆగాగు! పోయింది, ఎనక్కి తిప్పు!"

కప్పు మీది కుర్రాడికి పాట సగం అయిపోయాక గానీ దిగే భాగ్యం ఉండేది కాదు. ఇంకో తమాషా చూడండి. కొండకు కొట్టుకుని తిరిగొచ్చిన తరంగం ఓ క్షణం ఆలస్యంగా చేరితే, తెర మీద ప్రతి మనిషి పక్కనా ఓ నీడ. ద్విపాత్రాభినయం లేని సినిమాలో కూడా మాకు హీరోలు ఇద్దరే!

హైదరాబాద్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబర్ 23న. తర్వాత్తర్వాత శుక్రవారం అంటే చిత్రలహరి అన్నమాట. కానీ పాటల కంటే ముందు మేం చూసినవి వేరే ఉన్నాయి. ప్రసారం మొదలు కాకముందు నిలువు పట్టీలు, కుయ్‌మనే మోత. ఆ తర్వాత రెండు వంపులు గుండ్రంగా తిరిగి తిరిగి కన్నుగా మారడం, వెనకాల పండిట్ రవిశంకర్ కూర్చిన బాణీ. చక్కగా చీర కట్టుకుని, కార్యక్రమాల వరస చెప్పే అనౌన్సరమ్మ. మధ్యలో "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే అట్ట. ఆ అట్ట కనబడితే మాకు సంతోషం సుమండీ! తప్పు మా యాంటెన్నాది కాదు, వాళ్లదే అని!

1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివినది శాంతిస్వరూప్ గారు. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తల్ని కంఠతా పట్టి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూశారని విన్నప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. 1987లో వచ్చిన రామాయణం సీరియల్ భద్రంగా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే దేశమంతా చూసింది. కానీ రెండు కార్యక్రమాల నడుమ వచ్చిన ఆ నవ్వు, ఆ గడియారం, ఆ చేతిరాత అట్ట... వాటిని దాచాలని ఎవరికి తడుతుంది?

ఇది మన ఒక్కరి బాధే కాదు. ఆస్ట్రేలియాలో 1956 సెప్టెంబర్ 16న సిడ్నీలో టీవీ మొదలైంది. బ్రూస్ గింజెల్ అనే ఆయన తెర మీదికొచ్చి స్వాగతం పలికారు. ఆ ముక్క ఇప్పటికీ చూపిస్తుంటారు. తీరా చూస్తే అది తర్వాత మళ్లీ నటింపజేసి తీసినది! అసలు రాత్రి దృశ్యం అది కాదన్నమాట. అందుకే అక్కడి అభిమానులు పాత ఇంటి టేపులు వెతికి, కార్యక్రమాల మధ్య మిగిలిన తునకల్ని ఏరుకుంటున్నారు.

2022 మార్చి నాటికి మన దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు, ఏవో కొన్ని తప్ప, ఆగిపోయాయి. ఇప్పుడు మా ఊళ్లోనూ బొమ్మ ఆకాశం నుంచే దిగుతోంది. కొండ ఓడిపోయింది. కుర్రాడు కప్పు దిగేశాడు. మంచిదే! అయితే అటక మీద పెళ్లి క్యాసెట్ల పక్కన, ఎవరో టీవీ నుంచి రికార్డు చేసుకున్న టేపు ఒకటి మీ ఇంట్లోనూ ఉండొచ్చు. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి ఆడించి చూడండి. సినిమా అయిపోయాక వెంటనే ఆపేయకండేం! అసలు నిధి ఆ తర్వాతి అర నిమిషంలోనే ఉండొచ్చు.

ఉంటే నాకో ముక్క రాయండి. వచ్చేవారం కలుద్దాం.