వెలివేసిన దూరానికి ఛార్జీ ఎవరు కట్టాలి? (6వ భాగం)

పోయిన భాగంలో ఊరికీ వాడకీ మధ్య దూరం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అదే దూరాన్ని ఒక మహానగరంలో చూద్దాం. దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్.

తెల్లారేసరికే సొవెటో రోడ్ల పక్కన జనం నిలబడి వేళ్లు చూపిస్తుంటారు. చూపుడువేలు పైకెత్తితే సిటీకి పోవాలని, కిందికి చూపితే ఇక్కడిక్కడే దిగుతామని. ఆ సైగ చూసి మినీబస్సు ఆగుతుంది. దాన్నే అక్కడ టాక్సీ అంటారు. పదిహేను మంది దాకా ఎక్కుతారు. వెనకవాళ్ల డబ్బులు చేతులు మారుతూ ముందుకొస్తాయి. ముందుసీట్లో కూర్చున్న ప్రయాణికులే లెక్కచూసి చిల్లర వెనక్కి పంపుతారు. టైంటేబుల్ ఉండదు. స్టాండులో బండి నిండితేనే కదులుతుంది.

ఇదంతా చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ముందు ఒక ప్రశ్న వస్తుంది. వీళ్లంతా రోజూ అంత దూరం ఎందుకు పోవాలి?

ఎందుకంటే వాళ్లను అంత దూరంలో పెట్టారు కాబట్టి. 1955లో సోఫియాటౌన్ నుంచి నల్లజాతి కుటుంబాలను పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించి, ఇప్పుడు సొవెటోలో భాగమైన మెడోలాండ్స్‌లో పడేశారు. వాళ్ల చాకిరీ కావాలి, వాళ్ల ఇల్లు మాత్రం పక్కన ఉండకూడదు. ఈ లెక్క మనకు కొత్తా? పొలానికి మాదిగోడు కావాలి, ఊళ్లోకి మాత్రం రాకూడదు.

ఆ దూరానికి ఛార్జీ కూడా వాళ్లే కట్టాలన్నారు. 1957లో అలెగ్జాండ్రా బస్సు ఛార్జీ నాలుగు పెన్నీల నుంచి ఐదుకు పెంచితే జనం బస్సెక్కడం మానేశారు. నెలల తరబడి నడిచే పనికి పోయారు, నడిచే ఇంటికొచ్చారు. చివరికి యజమానుల మీద పన్ను వేసి, పాత ఛార్జీనే నిలబెట్టేలా ప్రభుత్వం చట్టం చేయాల్సి వచ్చింది. దూరాన్ని సృష్టించినవాడే దాని ఖర్చు భరించాలని ఆ నడిచిన కాళ్లు తేల్చాయి.

మినీబస్సు నల్లవాళ్లు సొంతంగా నిలబెట్టుకున్న వ్యాపారం, నిజమే. అందులో ఆత్మగౌరవం ఉంది. కానీ 1988లో గేట్లు తెరిచిన రాజ్యం తర్వాత చేతులు దులుపుకుంది. రూట్ల కోసం సంఘాల మధ్య తుపాకులు పేలాయి. 2010లో మొదలైన గౌట్రెయిన్‌కు మాత్రం ప్రభుత్వ సొమ్ము దండిగా అందింది. మెజారిటీ జనం ఎక్కే టాక్సీకి అలాంటి ఆసరా లేదు.

మన దగ్గర మాత్రం? బస్తీని లేపి ఊరి చివర ఇల్లిస్తారు, పట్టా చేతిలో పెట్టి ఫొటో దిగుతారు. బస్సు మాత్రం వేయరు. ఇళ్లల్లో పనిచేసే మన అక్కలు కూలిలో కొంత షేర్ ఆటోకే పోస్తున్నారు. ఇల్లు ఇస్తామనేవాణ్ణి ఇకమీదట ముందు ఒకటే అడుగుదాం: పని దగ్గరికి ఎంత దూరం, ఆ ఛార్జీ ఎవరు కడతారు?

జై భీమ్.