మెత్తనిదే అయినా కంటికి ముప్పే

పిల్లలకు నెర్ఫ్ గన్ అనే బొమ్మ తుపాకీ కొనిచ్చేటప్పుడు పెద్దవాళ్లు దాని ఫోమ్ బుల్లెట్‌ను వేళ్ల మధ్య నొక్కి చూస్తారు. మెత్తగానే ఉంటుంది కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ ఎగిరి వచ్చే వస్తువు దెబ్బను మెత్తదనం ఒక్కటే తేల్చదు. దాని బరువు, వేగం, ఎంత దూరం నుంచి వచ్చింది, ఎంత చోట తగిలింది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఈ లెక్క తెలిస్తే ఆ బొమ్మను నిషేధించాలనిపించదు కానీ, కళ్లద్దాలు లేకుండా పిల్లల చేతికివ్వడానికి మాత్రం మనసొప్పదు.

2012లో వచ్చిన నెర్ఫ్ ఎలైట్ రకం డార్ట్ (ఫోమ్ బుల్లెట్) బరువు దాదాపు ఒక గ్రాము, వ్యాసం అర అంగుళం. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. షటిల్‌కాక్‌లాగే దీనికీ తల బరువు, తోక తేలిక. అందుకే కాస్త పక్కకు తిరిగినా గాలి తోకను వెనక్కి నెట్టి తలను మళ్లీ ముందుకు తెస్తుంది. అయితే దారి సరిచేసే ఆ గాలే వేగాన్నీ తినేస్తుంది. గాలి లేకపోతే ఏటవాలుగా పేల్చిన డార్ట్ 40 మీటర్లు పోవాలి. కంపెనీ ప్రచారంలో చెప్పిందే 75 అడుగులు, అంటే 23 మీటర్లు. బయల్దేరిన క్షణంలో డార్ట్‌ను అడ్డుకునే గాలి బలం దాని బరువుకు సుమారు రెట్టింపు ఉంటుంది. పది మీటర్లు దాటేసరికి మొదటి శక్తిలో మిగిలేది మూడో వంతే. ‘గాలే ఆపేస్తుంది కదా’ అనేవారి మాట అంతవరకు నిజం. కానీ మన ఇళ్లలో పిల్లలు కాల్చుకునేది హాల్లో, మూడు మీటర్ల దూరంలో. అక్కడ శక్తిలో దాదాపు ముప్పావు వంతు అలాగే ఉంటుంది.

తగిలిన చోట ఫోమ్ చేసే మేలు తక్కువేమీ కాదు. అది నలుగుతూ ఆగుతుంది కాబట్టి దెబ్బ కాస్త ఎక్కువసేపు పరుచుకుని, బలం తగ్గుతుంది. చేతి మీదో వీపు మీదో పడితే చురుక్కుమని ఊరుకుంటుంది. కన్ను సంగతి వేరు. క్రికెట్ బంతి వ్యాసం ఏడు సెంటీమీటర్ల పైనే, కాబట్టి దాని దెబ్బలో చాలా భాగాన్ని కంటి చుట్టూ ఉన్న ఎముక కాస్తుంది. అర అంగుళం డార్ట్‌కు ఆ ఎముక అడ్డే కాదు, నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. గుడ్డు ముందు నుంచి వెనక్కి నొక్కుకుని పక్కలకు సాగినప్పుడు నల్లగుడ్డు అంచులో సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు సరిగ్గా ఇలాంటి గాయాలనే ఒక వైద్య పత్రికలో నమోదు చేశారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పదకొండేళ్ల బాలుడు కంటిలో రక్తస్రావంతో వచ్చారు. ఈ తుపాకులతో ఆడేటప్పుడు కంటి రక్షణ అవసరమని ఆ వైద్యులే రాశారు.

ముగ్గురికి జరిగినంత మాత్రాన ఇంత గోలా అని ఎవరైనా అడగవచ్చు. ఇలాంటి గాయాలు అరుదు కావచ్చు. అందుకే బొమ్మను తీసిపారేయమని అనడం లేదు. ఎక్కువ దూరం పోవాలని గట్టి స్ప్రింగ్ బిగించేవారి విషయంలో మాత్రం నాకు ఏ మాత్రం సానుభూతి లేదు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది, తయారీదారు చూసుకున్న హద్దు ఏదైనా అక్కడితో చెల్లిపోతుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు లేనిది చవగ్గా దొరికినా కొనకండి. నెర్ఫ్ గన్ కొనే రోజే ఇంట్లో ఆడే ప్రతి ఒక్కరికీ ప్లాస్టిక్ రక్షణ కళ్లద్దాలు కూడా కొనండి, అవి పెట్టుకున్నాకే గన్ చేతికివ్వండి.