గల్ఫ్ లెక్క మారింది, ఇక్కడ చట్టం రావాలి

2025 డిసెంబరు 23 నుంచి కువైట్‌లో కొత్త నివాస నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 50 దినార్లుండే ఆరోగ్య బీమా రుసుము 100 అయింది. షూన్ వీసా (ప్రైవేటు ఉద్యోగాల వీసా) మీద పనిచేసేవారి అకామా (నివాస అనుమతి) రుసుము 10 దినార్ల నుంచి 20కి పెరిగింది. దినారు 290 రూపాయల చొప్పున వేసుకుంటే రెండూ కలిపి అయ్యే 120 దినార్లు 34,800 రూపాయలు. నెలకు 120 దినార్లకు బకాలాలో (కిరాణా కొట్టులో) మూటలు మోసే మనిషికి, హోటల్లో గిన్నెలు తోమే మనిషికి ఇది సరిగ్గా ఒక నెల జీతం. కాగితం మీద ఈ సొమ్ము యజమాని కట్టాలి. ఆజాద్ వీసా కొనుక్కుని, పేరుకు ఒక కఫీల్ (వీసా పూచీ పడే యజమాని) కింద ఉంటూ, బయట దొరికిన పని చేసుకునేవారికి ఏ కఫీల్ కడతాడు? ఆ కార్మికుడే అప్పో సప్పో చేసి కట్టుకుంటాడు. కట్టలేకపోతే అకామా పోతుంది. అకామా పోయినవారిని అక్కడ ఖల్లివెల్లి అంటారు. జబ్బు చేస్తే ఆస్పత్రికి వెళ్లడానికి భయం, పోలీసు కనిపిస్తే భయం, తల్లి చనిపోయినా విమానం ఎక్కే దారి ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో వేల కుటుంబాల పొయ్యి ఈ దినార్లతోనే వెలుగుతోంది. అయినా ఈ రుసుముల పెంపు మీద శాసనసభలోనూ, పార్టీల వేదికల మీదా గట్టి గొంతు వినిపించలేదు. అదే 2025లో అమెరికా నుంచి పంపే డబ్బు మీద పన్ను వేస్తారన్న వార్త రాగానే తెలుగు నేల అంతా ఉలిక్కిపడింది. మొదట 5 శాతం అనుకున్నది చివరకు 1 శాతానికి దిగింది. అదీ నగదు, మనీ ఆర్డరు వంటి మార్గాల్లో పంపేవాటికే పరిమితమైంది, బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి వర్తించదు. సెప్టెంబరులో హెచ్1బీ రుసుము లక్ష డాలర్లయినప్పుడు నాయకులు పోటీ పడి స్పందించారు. ఆ ఆందోళన న్యాయమైనదే. నెలకు 120 దినార్ల మనిషి కోసం అందులో పదో వంతు గొంతు కూడా లేవకపోవడం మాత్రం అన్యాయం.

గల్ఫ్‌లో పన్నులుండవన్న నమ్మకంతోనే మన ఊళ్లలో ఇప్పటికీ అప్పులు పుడుతున్నాయి. ఆ గల్ఫ్ ఇప్పుడు లేదు. 2014లో చమురు ధరలు పడిపోయాక అక్కడి ప్రభుత్వాలు ఆదాయానికి కొత్త దారులు వెతుక్కున్నాయి. సౌదీ అరేబియా 2016లో విజన్ 2030 ప్రకటించింది. 2018 జనవరి 1న సౌదీ, యూఏఈ 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. కరోనా ఏడాదిలో, 2020 జూలైలో, సౌదీ దాన్ని ఒక్కసారిగా 15 శాతం చేసింది. బహ్రెయిన్ 2019లో 5 శాతంతో మొదలుపెట్టి 2022లో 10 చేసింది. 2023 జూన్ నుంచి యూఏఈలో కంపెనీల లాభం 3,75,000 దిర్హాములు దాటితే 9 శాతం పన్ను. 42,000 రియాళ్లు దాటిన వార్షిక ఆదాయం మీద 2028 నుంచి 5 శాతం వసూలు చేస్తామని ఒమన్ 2025లో శాసనం చేసింది. గల్ఫ్ దేశాల్లో వ్యక్తిగత ఆదాయ పన్ను ఇదే మొదటిది.

ఒమన్ పన్ను మన తాపీమేస్త్రీని తాకదు. యూఏఈ కంపెనీ పన్ను షార్జాలో పెద్ద వ్యాపారం చేసుకునే తెలుగువాడికి లెక్కల పుస్తకం కొనిపిస్తుంది, అంతే. చిన్న జీతగాడి వేతనం మీద నేరుగా పన్ను లేదన్నదీ నిజమే. అతని మీద భారం వేరే దారిలో వస్తోంది. వీసా మార్పిడిలో వస్తోంది, బీమాలో వస్తోంది, కొనుక్కునే నూనె డబ్బా ధరలో వస్తోంది. సౌదీలో కుటుంబం మీద వేసిన రుసుము సంగతే చూడండి. 2017 జూలైలో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా 100 చొప్పున పెరిగి, 2020కి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగి నెలకు 1,200 రియాళ్లు కేవలం వాళ్లను దగ్గర పెట్టుకున్నందుకే కట్టాలి. ఎంతోమంది భార్యాబిడ్డలను ఊరికి పంపేసి, ఒంటరిగా గదుల్లోకి మారారు.

మంచి మార్పులు అసలు లేవని కాదు. యూఏఈ 2023 జనవరి నుంచి ఉద్యోగం పోతే ఆదుకునే బీమా తప్పనిసరి చేసింది. మూల వేతనం 16,000 దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాములు కట్టాలి. వరుసగా ఏడాది కట్టాక ఉద్యోగం పోతే మూడు నెలల వరకు మూల వేతనంలో 60 శాతం ఇస్తారు. అయితే ఇంటి పనివారికి ఇందులో చోటు లేదు. మన ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఆ పనికే. పైగా బీమా చేయించుకోకపోతే 400 దిర్హాముల జరిమానా ఉందని ఇక్కడి నుంచి వెళ్లేవారికి చెప్పేవారెవరు? వీసా అమ్మిన మధ్యవర్తి చెప్పడు.

ఆ మధ్యవర్తి దగ్గరే అసలు రోగం ఉంది. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదని కేంద్రం నిబంధన. వీధి చివర మధ్యవర్తి అడిగేది లక్షల్లో. టమాటా ధర పడిపోయి, బోరు ఎండిపోయి, చివరి ఆశగా గల్ఫ్ వైపు చూసే రైతు కొడుకు లక్షన్నర రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు 3,000 వడ్డీకే పోతుంది. పని దొరికినా దొరకకపోయినా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఇప్పుడు 34,800 రూపాయల రుసుములు. మొదటి రెండేళ్లు అతను సంపాదించేది అప్పులవాడి కోసం, అకామా కోసం. ఇంత నష్టం చేసే లైసెన్సు లేని ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం వేసే జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 2,000 రూపాయలు. రెండేళ్ల వరకు జైలు అన్న మాట కూడా అందులో ఉంది కానీ, ఆ శిక్ష పడుతుందన్న భయం ఏ మధ్యవర్తిలోనూ కనిపించదు. పాత చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను 2025 అక్టోబరులో కేంద్రం విడుదల చేసింది. ఆ జరిమానాను లక్షల్లోకి పెంచి, కార్మికుడి అప్పును ఏజెంటు నుంచే వసూలు చేసే నిబంధన పెట్టాలని మన ఎంపీలు పట్టుబట్టాలి. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని తగ్గించి, నిరసనలు, కోర్టు కేసు తర్వాత 2021లో వెనక్కి తీసుకున్నదీ కేంద్రమే. అడిగేవారుంటే ఢిల్లీ వింటుందనడానికి అదొక రుజువు.

పరాయి దేశం తన గడ్డ మీద ఎంత రుసుము వేసుకుంటే మనమేం చేస్తాం, ఇష్టపడి వెళ్లినవాళ్లే కదా అనేవారున్నారు. కువైట్ రుసుమును కువైటే నిర్ణయించుకుంటుంది, దాంట్లో వాదన లేదు. కానీ ఇష్టం అన్న మాట దగ్గర ఆగాలి. కుప్పం నుంచి కుర్రవాళ్లు తెల్లవారకముందే బెంగళూరు రైలు ఎక్కేది, మదనపల్లె నుంచి కువైట్ విమానం ఎక్కేది ఒకే కారణంతో. ఊళ్లో పని లేదు. ఊళ్లో పని చూపించలేని ప్రభుత్వానికి, బయటికి వెళ్లి పని వెతుక్కున్న మనిషి మీద బాధ్యత ఉంటుంది.

ఆ బాధ్యతను కేరళ చట్టంలో రాసుకుంది. 2008లో ప్రవాస కేరళీయుల సంక్షేమ చట్టం తెచ్చింది. చందా కట్టిన కార్మికుడికి అరవై ఏళ్లు దాటాక పింఛను వస్తుంది. తిరిగి వచ్చి ఊళ్లో వ్యాపారం పెట్టుకుంటానంటే ప్రవాస కేరళీయుల సంస్థ నోర్కా ద్వారా 30 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టులకు బ్యాంకు రుణం, పెట్టుబడిలో 15 శాతం రాయితీ. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇస్తూ ఉత్తర్వులిచ్చింది. మనకు ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ ఉంది, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, విదేశీ నియామకాలకు ఓంక్యాప్ ఉంది. వీటిలో ఏదీ కార్మికుడికి చట్టబద్ధమైన హక్కు ఇవ్వదు. బీమా చేరినవారికే. చేరాలని తెలిసేది చదువుకున్నవారికి. ముప్పై ఏళ్లు నిండని స్త్రీ ఇంటి పనికి వెళ్లకూడదన్న నిబంధన ఉన్నా, విజిట్ వీసా మీద మరో దేశం మీదుగా ఎక్కించి పంపేస్తున్నారు. అలా వెళ్లిన ఆమె పేరు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఉండదు.

2024లో కువైట్ ఎడారిలో చిక్కుకున్న మన రాష్ట్రవాసి వీడియో పెట్టి ఏడిస్తే మంత్రి నారా లోకేశ్ స్పందించి రప్పించారు. అందుకు ఆయన్ను అభినందించాలి. వీడియో తీసే ఫోను కఫీల్ లాక్కున్న ఆడమనిషి సంగతేమిటి? మంత్రి దయ మీద ఆధారపడని ఏర్పాటు కావాలి.

ఈ సంపాదకీయం కోరేది ఒక చట్టం. ఆంధ్రప్రదేశ్ గల్ఫ్ కార్మికుల సంక్షేమ మండలి, దానికి బడ్జెట్‌లో సొంత పద్దు, అక్కడ చనిపోయినా అంగవైకల్యంతో వచ్చినా అర్జీలు మోయకుండా అందే పరిహారం, తిరిగి వచ్చినవారికి కేరళ తరహా రుణం. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు ఏసీలు బాగుచేసినవాడు, వెల్డింగ్ చేసినవాడు పుంగనూరులో షెడ్డు వేసుకుంటానంటే బ్యాంకు మొదట అడుగుతున్నది ఆదాయ పత్రం. ఆ అడ్డు తీయాలి. వెళ్లేవారికి కూడా వడ్డీ వ్యాపారి బదులు సహకార బ్యాంకు అప్పివ్వాలి. ఏజెంటు లైసెన్సు చూశాకే ఇవ్వాలి, ఆ సొమ్ము నేరుగా ఆ ఏజెంటు ఖాతాకే వెళ్లాలి. అప్పుడు లైసెన్సు లేనివాడి దుకాణం దానంతటదే మూతపడుతుంది.

దీనికి డబ్బెక్కడిదని అడగవచ్చు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో 38 శాతం గల్ఫ్ దేశాలదే. ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. దేశానికి ఆ ఏడాది వచ్చింది 11,870 కోట్ల డాలర్లు. ఈ లెక్కన రాష్ట్రానికి చేరింది 500 కోట్ల డాలర్ల పైమాటే. అందులో గల్ఫ్ నుంచి వచ్చింది ఇక్కడి బంగారం కొట్లలో, సిమెంటు దుకాణాల్లో ఖర్చవుతోంది. ఆ ఖర్చు మీద జీఎస్టీ రూపంలో రాష్ట్రం ఇప్పటికే తన వాటా తీసుకుంటోంది. అందులోంచి ఒక చిన్న భాగం వెనక్కి ఇవ్వమంటున్నాం.

ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 1989 నుంచి కుప్పానికి ప్రాతినిధ్యం వహిస్తున్నారు. స్వర్ణ కుప్పం విజన్ 2029 పత్రాన్ని 2025 జనవరిలో ఆయనే విడుదల చేశారు. వలస కార్మికుల పేర్ల నమోదు, వెళ్లేముందు అక్కడి రుసుములు, హక్కుల మీద ఒక రోజు శిక్షణ ముందు కుప్పంలో మొదలుపెట్టి మూడు నెలల్లో మదనపల్లె, పుంగనూరులకు తేవచ్చు. మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో అరబ్బీ, ఉర్దూ తెలిసిన ఇద్దరు సిబ్బందితో, కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంతో నేరుగా మాట్లాడే అధికారంతో ఒక సహాయ కేంద్రం తెరవాలి. చట్టం బిల్లు రాబోయే శాసనసభ సమావేశాల్లోనే ప్రవేశపెట్టాలి. కువైట్‌లో వచ్చే అకామా రెన్యువల్ నాటికి ఈ కేంద్రం తలుపులు తెరిచి ఉండాలి.