కొల్లేటి తగవు

పాఠశాలలలోను, కళాశాలలలోను వక్తృత్వపు పోటీలు పెట్టినప్పుడు తరచుగా ఇచ్చే విషయాలలో “ప్రకృతి రక్షణమా, ఆర్థికాభివృద్ధియా?” అన్నది ఒకటి. ఒక పక్షంవారు పక్షులను గురించి, అడవులను గురించి కంఠమెత్తి మాట్లాడుతారు. రెండవ పక్షంవారు ఆకలిని గురించి, ఉద్యోగాలను గురించి అంతే ఆవేశంతో సమాధానం చెబుతారు. న్యాయనిర్ణేతలు ఎవరికో బహుమానం ఇస్తారు. అసలీ ప్రశ్న ఈ రూపంలో అడగదగినదేనా అన్న విచారణ మాత్రం సాధారణంగా జరగదు. కొల్లేటి సరస్సుకు గడచిన యాభై ఏళ్ళలో జరిగినదేమో చూస్తే ఆ విచారణ ఎంత అవసరమో తెలుస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లపు ప్రదేశం కొల్లేరు. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో నేడు దాని అధికభాగం ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, డెల్టా మురుగు కాల్వలు తెచ్చిపోసే నీటిని అది తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు మీదుగా నెమ్మదిగా సముద్రానికి సాగనంపుతుంది. రెండవ పులకేశి ఐహొళె శాసనంలో కనబడే కునాల సరస్సు ఇదేనని చరిత్రకారులు పలువురు భావించినారు. అంత పురాతనమైన ఈ సరస్సు తన ఒడ్డువారికి కొర్రమేనులను, మట్టగిడసలను ఇచ్చింది. నీరు తీసిన నేలలో వరి పండించుకోనిచ్చింది. అట్లాగని నాటి జీవితం స్వర్గతుల్యమనుకోరాదు. వరద వచ్చిన ఏడు పైరు నీటిపాలయ్యేది. లంక గ్రామాలలో దారిద్ర్యం స్థిరనివాసం చేసింది.

ఆ దారిద్ర్యాన్ని తొలగించాలనే ప్రభుత్వం 1970వ దశకంలో సహకార సంఘాల ద్వారా పేదలకు చేపల చెరువులను ఇచ్చే ప్రయత్నం ప్రారంభించింది. ఉద్దేశం ఉత్తమమైనదే. ఫలితమూ కొంతకాలం కళ్ళకు కనబడింది. ఇక్కడి బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డల మధ్య లారీలకెక్కి కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు చేరినవి. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో వ్యాపారం పెరిగింది. వేలమందికి పని దొరికింది. దీనిని అభివృద్ధి కాదనడం న్యాయం కాదు.

అయితే చెరువు త్రవ్వాలన్నా, చేపపిల్లను తెచ్చి వేయాలన్నా, మేత పోయాలన్నా పెట్టుబడి కావాలి. పేదవాని వద్ద లేనిదే అది. అందుచేత చెరువు సంఘం పేరిట ఉండిపోయింది. సేద్యం కౌలు రూపంలో ధనవంతుల చేతికి పోయింది. తన వాటా చెరువుకే కావలివాడుగా, కూలివాడుగా పనిచేయవలసిన స్థితి ఎందరికో వచ్చింది. గట్టు ప్రక్కన గట్టు లేచి నీటి నడకను అడ్డగించింది. వానలు ముదిరితే ఊళ్ళు మునిగినవి. ఎరువుగా వేసిన కోళ్ళ పెంట, ఎగువ పట్టణాల మురుగు కలిసి నీటిని చెరచినవి. చుట్టూ నీరే ఉన్నా తాగే నీటిని కొనుక్కోవలసి వచ్చింది.

తరువాత రక్షణ వంతు వచ్చింది. 1999లో ప్రభుత్వం కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్న హద్దు వరకు, అభయారణ్యంగా ప్రకటించింది. దాని విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. న్యాయస్థానాల ఆదేశాల నేపథ్యంలో 2006లో యంత్రాలతో చెరువు గట్లను తెగగొట్టించినారు. నీరు కదిలింది, ఆటపాక వద్ద గూడబాతుల సందడి చూడవచ్చే యాత్రికులకు ఆనందం కలిగింది.

కాని గట్టు తెగిననాడు నష్టపోయినదెవరు? పెట్టుబడిదారు తన ధనాన్ని మరొకచోటికి మరలించుకోగలడు. కౌలు మీద వచ్చే కొద్దిపాటి సొమ్ముతో బ్రతికే లంకవాసి ఎక్కడికి పోతాడు? సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవడానికి అనుమతి ఉన్నది. పట్టడానికి నాటుచేప మునుపటివలె లేదు. హద్దు లోపల జిరాయితీ భూములున్న రైతుల పరిహారం ఏళ్ళ తరబడి వివాదంగానే నిలిచింది. ఈ అసంతృప్తి నీడలోనే గట్లు మరల లేచినవి. 2008లో శాసనసభ అభయారణ్యపు హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. తరువాత కేంద్రం నియమించిన అజీజ్ సంఘం ఐదో కాంటూరే ఉండాలన్నది. నాటినుండి తగవు కాంటూరు అంకె చుట్టూనే తిరుగుతున్నది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. అభివృద్ధి పేరిట జరిగిన పనిలోను, రక్షణ పేరిట జరిగిన పనిలోను భారం మోసినవాడు ఒక్కడే. చెరువులు లాభించిన రోజులలో అతనికి దక్కినది కూలి. చెరువులు పోయిన రోజున అతనికి మిగిలినది వాగ్దానం. కనుక కొల్లేటి తగవును పక్షులకు, మనుషులకు మధ్య తగవుగా చిత్రించడం పొరపాటు. లాభం ఎవరిది, నష్టం ఎవరిది అన్న లెక్కలోనే అది పుట్టింది.

ఆ లెక్కలో ఎవరూ వ్రాయని పద్దు మరొకటి ఉన్నది. చేపకు ధర ఉన్నది. వరదనీటికి చోటిచ్చే పల్లానికి ధర లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో విస్తారమైన ప్రాంతాలు మునిగినవి. అసాధారణమైన వర్షమూ, కాల్వగట్లకు పడిన గండ్లూ అందుకు కారణాలు. కొల్లేటి ఆక్రమణలే ఆ వరదను తెచ్చినవనడం అతిశయోక్తి. అయినా ఆ బుడమేరు చివరకు చేరవలసినది కొల్లేటినే. చేరవలసిన చోట ఖాళీ లేకపోతే, ఉప్పుటేరు పూడి ఉంటే, నీరు ఆ చుట్టుప్రక్కల ఊళ్ళలోనే నిలుస్తుంది. చేపల ఆదాయం కొందరికి చేరుతుంది. ఆ ముంపు మాత్రం చెరువు ముఖమే ఎరుగని ఇండ్లకు వస్తుంది.

ఇందుకు మార్గం లేకపోలేదు. ఉప్పుటేటి పూడిక తీసి నీటికి దారి ఇవ్వాలి. జిరాయితీదారులకు పరిహారమూ, లంకవాసులకు జీవనోపాధీ ముందుగా చూపి, ఆ తరువాతనే గట్టు మీదికి యంత్రాన్ని పంపాలి. సరస్సు బాగుపడితే బాగుపడేది తామేనన్న నమ్మకం స్థానిక జాలరులకు కలిగితే, వారికన్న మంచి కాపరులు ఏ శాఖకూ దొరకరు. ఇందుకు ధనవ్యయం కావలసి ఉంటుంది. అయితే ముంపుకు ఏటేటా పెట్టే ఖర్చును కూడా ప్రక్కన వేసి చూచినప్పుడే అది ఎక్కువో తక్కువో తేలుతుంది.

ఉపాధ్యాయ మిత్రులు ఈసారి పోటీకి విషయం నిర్ణయించేటప్పుడు “ప్రకృతియా, అభివృద్ధియా?” అని అడగడం మాని, తమ ఊరి చెరువునో, కొండనో, వాగునో చూపి, దానిమీద లాభం ఎవరికి పోతున్నది, నష్టం ఎవరు భరిస్తున్నారు అని అడిగి చూడవలసినదిగా మనవి. ఆవేశంతో మాత్రమే సమాధానం చెప్పడానికి అప్పుడు వీలుండదు. విద్యార్థి ఆ చెరువు గట్టుకు వెళ్ళి, నలుగురిని కలిసి, లెక్క తెలుసుకొని రావలసి ఉంటుంది.