పాత జావాలకు క్రొత్త భాగములు

చెకోస్లోవేకియావారి తోడ్పాటుతో మైసూరున 1961లో పని నారంభించిన ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతపడినది. 2018లో జావా పేరు మరల వెలసినను, ఆ క్రొత్త బండ్ల యింజను భాగములు పాతవానికి సరిపడవు. కావున తండ్రుల నాఁటి బండిని బాగుచేయించువారికి మిగిలిన దారులు మూఁడు: పాత దుకాణముల నిలువ సరకు, విప్పిన బండ్ల భాగములు, నేఁడు చేయుచున్న నకళ్లు.

నకలు తళతళలాడును, కాని తళుకు కొలత కాదు. పాత 250 బండి సిలిండరు లోకొలత 65 మిల్లీమీటర్లు. అది యరిగినచో బోరు చేయించి, ఆ మేరకుఁ బెద్ద పిస్టను వేయవలెను. పిస్టను చేతికి రాక మున్నే బోరు చేయించుట తొందరపాటు. ముందు పిస్టనును కొలిచి, దానికిఁ దగినట్లు సిలిండరును సవరింపవలెను. నడుమ నెడము తక్కువైనచో వేఁడికిఁ బిస్టను బిగుసుకొనును, ఎక్కువైనచోఁ గొట్టుకొనును.

ఈ మర్మ మెఱిఁగినవాఁడు మన పట్టణములలోని లేతు పనివాఁడు. దొరకని భాగమును చేయుటకు అతనికి మాదిరి కావలెను. అరిగిన భాగమే యా మాదిరి. దానిని పాతయినుము క్రింద తూచి యమ్మివేసి, పిదప విదేశముల వంకఁ జూచుట మనకుఁ దగదు. కర్మాగారము మూతపడినను విద్య మూతపడరాదు. పాత భాగమును దాఁచుఁడు. పనివానికిఁ దగిన కూలి నొసఁగుఁడు.